ముత్యం చేసిన సిక్స్టీ నైన్

ముత్యం ఫోన్లో మనుషుల ఫోటోలు ఉండేవి కావు. "మీ ఇంటావిడ ఫోటో ఏదన్నా చూపించన్నా" అని ఎవరైనా అడిగితే తెరను వేలితో తోసుకుంటూ, తోసుకుంటూ పోయి, తలుపు సొట్టపడి లోపలికి పోయిన తెల్ల జీపు ఒకటి చూపించేవాడు. "గిది ముందుగాల" అనేవాడు. ఇంకోసారి తోసి, అదే జీపు కడిగిన ముత్యంలా నిలబడి ఉంటే, "గిది తర్వాత" అనేవాడు. అడిగినవాడు తలూపి టీ తాగేవాడు.

దీన్ని పిచ్చి అనుకునేరు. ఖతర్ ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్ల సొట్టలు తీసే డెంటర్లందరికీ ఉన్న అలవాటే. గుద్దుకున్న బండి షెడ్డులోకి రాగానే ఒక ఫోటో, పని అయిపోయాక అదే చోట నిలబడి ఇంకో ఫోటో. రెండూ చూపిస్తే గానీ గిరాకీ నమ్మడు. ఇంజను మెకానిక్ పని చెవికి వినబడుతుంది, పెయింటర్ పని కంటికి మెరుస్తుంది. డెంటర్ పని మాత్రం, ఎంత బాగా చేస్తే అంత కనబడకుండా పోతుంది. అక్కడ సొట్టే లేదన్నట్టు ఉండాలి మరి. పాత ఫోటో లేకపోతే డెంటర్ ఏమీ చేయనట్టే లెక్క.

నేను ముత్యం గ్యారేజీ ఉన్న వీధి మొగలో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేస్తాను. పేరు సాలమన్, మాది రాజోలు పక్క. ముత్యంది కోరుట్ల దగ్గర పల్లె, కమ్మరి ఇల్లు. పార్టులు ఇవ్వడానికి వాళ్ళ గ్యారేజీకి వెళ్ళీ వెళ్ళీ ఆయనతో కలిసి అన్నం తినడం అలవాటైంది. మంచివాడు అని రాస్తే ఆయనకు తక్కువ చేసినట్టుంటుంది. మంచివాళ్ళు బోలెడుమంది ఉంటారు. వంగిన రేకు మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం చెప్పగలిగినవాడిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఈ ముత్యం పుట్టింది జై తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది. ఊళ్ళో బడి మూతపడిన ఏడాది అని వాళ్ళమ్మ చెప్పేదట. అంటే అరవై తొమ్మిది. పదిహేడేళ్ళకే గల్ఫ్ పిచ్చి పట్టింది. వీసాకు ఇరవై ఒకటి నిండాలన్నారు. రత్నాకర్ అని ఒక ఏజెంటు, అలాంటివాళ్ళకు దేవుడి కంటే ఎక్కువ తెలుసు, "నేనున్న గదా" అన్నాడు. స్టూడియోకు తీసుకుపోయి, కాటుకతో మీసాలు దిద్దించి, లావుగా కనబడాలని చొక్కా మీద చొక్కా తొడిగించి ఫోటో తీయించాడు. పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం అరవై నాలుగు అని పడింది.

ఆ రోజు ముత్యం పట్టరాని సంతోషంతో ఊరంతా తిరిగాడట. ఒక్క పూటలో ఐదేళ్ళు పెద్దవాడయ్యాడు మరి. చెరువు కట్ట మీద కూచుని సిగరెట్ కూడా కాల్చాడట, వయసొచ్చిందని. ఇది చెప్పినప్పుడల్లా తనే పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ రత్నాకర్ ఇప్పుడు కనబడితే కాటుక బదులు తారుతో దిద్దుతాను వాడి మొహాన.

పోయిన ఏడాది వేసవిలో గ్యారేజీ ఫోర్‌మన్ లియాఖత్ అలీ అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పాడు. ఈయనది బోధన్. మన తెలుగే మాట్లాడతాడు గానీ మనవాడినన్న సంగతి జీతాల రోజు మర్చిపోతాడు. "కఫీల్ సాబ్ చెప్పిండు. అరవై నిండినోళ్ళకు ఇగ అకామా రిన్యూ లేదు. డిసెంబర్ల ముత్యంది అయిపోతది. ఇంటికే." అకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, కఫీల్ అంటే దాన్ని రాయించే యజమాని.

"లియాఖత్ భాయ్, నాకు అరవై ఎక్కడియి? యాభై ఐదే" అన్నాడు ముత్యం.

"పాస్‌పోర్ట్ ఏమంటున్నది?"

"గది రత్నాకర్ రాయించింది. నేను కాదు."

షెడ్డు మొత్తం గొల్లున నవ్వింది. నేపాలీ వాళ్ళకు, బెంగాలీ వాళ్ళకు ఎవరో హిందీలో చెప్పారు, వాళ్ళు కూడా నవ్వారు. ముత్యం ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఆయనకు ఊళ్ళో భార్య భూమవ్వ, కొడుకు తిరుమల ఉన్నారు. ఆయన లేకుండా బతకడం వాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారు. వెళ్ళి ఏం చేయాలో ఆయనకు తెలియదు. సుత్తి పట్టుకునే ఓపిక చేతుల్లో ఇంకా ఉంది. నాతో అన్నం తింటూ ఆ రోజు ఒకటే మాట పదిసార్లు అన్నాడు. "నా ఐదేండ్లు నాకియ్యాలె సాలమన్ సారూ. నేనేం ఎక్కువ అడుగుతలే. నావే అడుగుతున్న."

ఆ రోజుల్లోనే బూ జాసిం వచ్చాడు.

బూ జాసిం ఖతరీ. అల్ తుమామాలో పెద్ద ఇల్లు. అమెరికా నుంచి ఓడలో ఒక పాత మస్టాంగ్ కారు తెప్పించి, లారీ మీద తెచ్చి షెడ్డులో దించాడు. డెబ్భైవ సంవత్సరం మాడల్. తుప్పు పట్టి బెల్లం రంగుకు తిరిగింది. ఆయన తన ఫోన్ తీసి ఒక నలుపు తెలుపు ఫోటో చూపించాడు. సముద్రం ఒడ్డున తెల్ల కారు, దానికి ఆనుకుని ఒక కుర్రాడు. "మా నాన్న" అన్నాడు బూ జాసిం. ఆ కారు అరవై తొమ్మిది మాడల్. దాన్ని ఎప్పుడో అమ్మేశారు, ఆ తండ్రీ పోయాడు. ఇప్పుడు ఈ డెబ్భైని అచ్చం ఆ అరవై తొమ్మిదిలా చేయాలి. అదీ పని.

ఒక్క ఏడాదే కదా అనుకుంటాం. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది తేడా. డెబ్భైకి ముందు రెండే లైట్లు, అరవై తొమ్మిదికి నాలుగు. వెనక లైట్లు దీనికి లోపలికి పోయి ఉంటాయి, దానికి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వెనక చక్రాల మీద, రెండు పక్కలా, అరవై తొమ్మిదికి గాలి తూములు ఉంటాయి. డెబ్భైకి అక్కడ చదునైన రేకు. అంటే కారు మూతి మార్చాలి, వీపు కోసి అతకాలి, పక్కలకు తూములు పొడవాలి.

ముత్యం కారు చుట్టూ తిరిగాడు. అరచేత్తో తడిమాడు. చేస్తానన్నాడు. అని ఊరుకోకుండా, వచ్చీరాని అరబ్బీలో, హిందీలో తన గోడు కూడా చెప్పుకున్నాడు. బూ జాసిం శ్రద్ధగా విన్నాడు. "నీ కఫీల్ నాకు చుట్టమే. ఏ కన్నూ తప్పు పట్టకుండా చెయ్యి. నీ అకామా సంగతి నేను మాట్లాడతాను" అని గుండె మీద చేయి వేసుకున్నాడు. లియాఖత్ అలీ ఎదురుగా, నా ఎదురుగా అన్నాడు. ఆ చేయి గుండె మీదికి పోవడం ముత్యం జీవితంలో చూసిన అతి పెద్ద సంతకం.

కారుకు మొట్టమొదటి ఫోటో ఆ సాయంత్రమే తీశాడు. ముందుగాల.

మూతి భాగాలు, లైట్లు, వెనక పలక మా దుకాణం నుంచే తెప్పించాం. తూములున్న పక్క రేకులు కూడా తెప్పించాం గానీ వచ్చినవి ఇంకో బాడీవి, సరిపోలేదు. వాపసు పంపి మళ్ళీ తెప్పిస్తే డిసెంబరు దాటిపోతుంది. "ఏం జేస్తం. నేనే కొడ్త" అన్నాడు ముత్యం. బయట ఎండకు తారు కరుగుతుంటే, లోపల రేకుల షెడ్డులో కూచుని, ఆ నలుపు తెలుపు ఫోటో ఒక్కటి ముందు పెట్టుకుని, చదును రేకును కొట్టీ కొట్టీ తూము చేశాడు. ఒకటి చేయడం గొప్ప కాదు. రెండో పక్క దానికి జోడీ కుదరడం గొప్ప. కుదరలేదని మూడుసార్లు కోసి పారేశాడు. పుట్టీ పూసి కప్పెయ్యమని లియాఖత్ అలీ సలహా ఇచ్చాడు. పుట్టీ రెండేళ్ళకు పగులుతుంది, అప్పుడు ఇక్కడే ఉండే తను ఏం జవాబు చెప్పాలన్నాడు ముత్యం. ఉంటాననే అనుకున్నాడు చూడండి.

వెక్కిరించడం మాత్రం ఎవరూ మానలేదు. "కారుకు ఏడాది ఎక్కిస్తున్నవు, నీకేమో ఐదేండ్లు దించాల్నంటవు. జర మొఖానికి సుత పుట్టీ పెట్టాల్నా ముత్యం?" అనేవాడు లియాఖత్ అలీ. ముత్యం వాళ్ళతో పాటే నవ్వేవాడు. నవ్వి, నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగేవాడు. "సారూ, కారు కాయిదంల సెవంటీ ఉన్నది. అయినా రేపు అందరు సిక్స్టీ నైనే అంటరు. నా కాయిదంల సిక్స్టీ ఫోర్ ఉన్నది, కని నేను సిక్స్టీ నైన్. కారుకు నడిసేది నాకెందుకు నడవది?"

"కారు సొంతదారు వేరన్నా" అన్నాను.

నవంబరుకు కారు తయారైంది. అబద్ధం ఎందుకు, నేను కూడా నోరు తెరుచుకుని చూశాను. పార్టులన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే, ఏది ఎక్కడ అతికాడో నాకు తెలుసు. వెతికితే కనబడలేదు. పాల తెలుపు రంగు, నాలుగు లైట్లు, పక్కల తూములు. ముత్యం అదే చోట నిలబడి ఆఖరి ఫోటో తీసుకున్నాడు. తర్వాత.

బూ జాసిం ఒక మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చాడు. ఒక్కడే రాలేదు. వాళ్ళ మజ్లిస్‌లో రోజూ కూచునే స్నేహితులు నలుగురైదుగురు, వాళ్ళతో చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన. ఆ ముసలాయన బూ జాసిం తండ్రికి ప్రాణ స్నేహితుడు. కుర్రతనంలో ఆ తెల్ల కారులో ఆయన పక్క సీట్లో కూచుని ఊరంతా తిరిగినవాడు. కారును చూడగానే కర్ర వదిలేసి బానెట్ మీద రెండు చేతులూ వేశాడు. "వల్లా, ఇదే" అన్నాడు, దేవుడి మీద ఒట్టేసి. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి.

బూ జాసిం గర్వంగా ఏదో చెప్పాడు. అరబ్బీ బాగా వచ్చిన లియాఖత్ అలీ నా చెవిలో తెలుగు చేశాడు. నాన్న అమ్మేసిన కారునే దేశదేశాలు వెతికించి పట్టుకొచ్చాను, దుమ్ము దులిపించానంతే, అని ఆయన చెబుతున్నాడు. మజ్లిస్‌లో ఎప్పటి నుంచో అదే చెప్పుకుంటున్నాడట. ఈ కథ మాకెవరికీ తెలియదు. ముత్యానికి అసలే తెలియదు. ఆయనకొచ్చిన అరబ్బీ అంతా సుత్తి, రంగు, రేపు, ఎల్లుండి.

ముత్యానికి కనబడింది ఒక్కటే. తన పని చూసి పెద్దమనిషి ఏడుస్తున్నాడు. పైగా బూ జాసిం తన భుజం తట్టి "జైన్, జైన్" అన్నాడు, బాగుందని. అకామా మాట ఎత్తడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. పని ఎంత పెద్దదో వీళ్ళకు అర్థమైతే ఇచ్చిన మాట ఇంకా గట్టిపడుతుంది. అలాంటప్పుడు ఏ డెంటరైనా ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"బాబా, షూఫ్" అన్నాడు ముసలాయనతో, చూడమని. "అవ్వల్ సెవంటీ. అమ్రీకా." ముందుగాల ఇదీ అని, తుప్పు పట్టిన రెండు లైట్ల కారు. వేలితో తోశాడు. కోసిన వీపు. తోశాడు. తూము లేని చదును రేకు. తోశాడు. సగం కొట్టిన తూము. "ఇప్పుడు సిక్స్టీ నైన్. అనా సవ్వి" అని రొమ్ము మీద కొట్టుకున్నాడు, నేనే చేశానని.

లియాఖత్ అలీ ముందుకు ఉరికాడు గానీ అప్పటికే ముసలాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కొక్క ఫోటో చూశాడు. తీరిగ్గా చూశాడు. తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చేసి, బానెట్ మీద ఇంకా ఆనుకుని ఉన్న రెండో చేతిని తీసేశాడు. వెనక ఒక స్నేహితుడు కిసుక్కున నవ్వాడు. ముసలాయన బూ జాసింతో ఒకే ఒక్క మాట అని, కర్ర అందుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు.

"మీ నాన్న అబద్ధం ఆడేవాడు కాదు." ఆయన అన్న మాట అది. లియాఖత్ అలీ నాకు తర్వాత చెప్పాడు.

బూ జాసిం ముఖం మీద నవ్వు చెక్కుచెదరలేదు. ముత్యం వైపు ఒకసారి చూసి, కారెక్కి, ముత్యం చేసిన ఆ నాలుగు కళ్ళ కారులోనే వెళ్ళిపోయాడు.

"సారూ, సూశినవా? ముసలాయన సుత ఏడ్చిండు. ఇగ నా పని అయినట్టే" అన్నాడు ముత్యం. ముఖం వెలిగిపోతోంది.

"అరే బేవకూఫ్!" అని అరిచాడు లియాఖత్ అలీ. "ఏం జేసినవో ఎరుకేనా నీకు? మందిల ఆయన ఇజ్జత్ దీసినవ్!" అని జరిగిందంతా విడమరిచి చెప్పాడు. ముత్యం విన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ విన్నాక కూడా ఆయనకు అర్థమైంది సగమే. "మంచిగ చేసినన్న ముచ్చటనే గద చెప్పిన భాయ్. అండ్ల తప్పేమున్నది?" అన్నాడు.

ఇక్కడ నాకు బూ జాసిం మీద ఎంత కోపమో అంత కోపం ముత్యం మీద కూడా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక దేశంలో ఉండి, గొప్పవాళ్ళ సంతోషం ఎక్కడ ఆగుతుందో ఇంత కూడా పట్టుకోలేకపోయాడే అని. కానీ పట్టుకోగలిగినవాడైతే మూడుసార్లు రేకు కోసి పారేసేవాడా? పుట్టీ పూసి చేతులు దులుపుకునేవాడు.

బూ జాసిం మాట తప్పలేదు. కఫీల్‌తో మాట్లాడాడు. డిసెంబరు దాకా కూడా అక్కర్లేదు, ఆ వారంలోనే పంపించెయ్యమన్నాడు. ఒక షరతు కూడా పెట్టాడు.

నేను వెళ్ళేసరికి ముత్యం గ్యారేజీ ఆఫీసు గదిలో నిలబడి ఉన్నాడు. బల్ల మీద పాస్‌పోర్టు, దాని మీద టికెట్. లియాఖత్ అలీ ముత్యం ఫోన్ పట్టుకుని కూచున్నాడు.

"ఆ కారు ఫోటోలు తీసెయ్యి భాయ్, అడ్డం చెప్ప. తక్కినయి ఉండనియ్యి" అంటున్నాడు ముత్యం. "ఒక్కొక్క బండి, ఒక్కొక్క..."

"వేలు ఉన్నయి. నేను ఏరుకుంట కూసోవాల్నా?" అన్నాడు లియాఖత్ అలీ. "ఒక్కటి మిగిలినా నా నౌకరి పోతది."

"కాస్త ఆగండి లియాఖత్ భాయ్, నా ఫోన్లోకి పంపించుకుంటాను, కారువి వదిలేసి" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. ఫోన్ మొత్తం తుడిచిపెట్టే మీట నొక్కేశాడు. తెర నల్లబడింది. కాసేపటికి వెలిగి, కొత్త ఫోన్ అడిగినట్టు ఏ భాష కావాలని అడిగింది.

ఆ ఫోటోలు ఇంటికి కూడా పంపలేదాయన. ఎప్పుడో ఒకటి రెండు పంపితే, "ఇనుప ముక్కల ఫోటోలతోని ఫోన్ నింపకు బాపూ" అని కొడుకు తిరుమల కసిరాడట.

ముత్యం ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఐదేండ్లు అడిగితే ఉన్నయన్ని తీస్కున్నరు" అన్నాడు, అంతే. పాస్‌పోర్టు తెరిచి అందులో తన ఫోటో చూసుకున్నాడు. ఇప్పటి ముఖం, నెరిసిన మీసాలు. ఇప్పుడు వాటికి కాటుక అవసరం లేదు.

ఫిబ్రవరిలో పాత కార్ల ప్రదర్శన జరిగితే మా దుకాణం తరఫున నేనూ వెళ్ళాను. తెల్ల కారు ముందు వరసలో ఉంది. పక్కన చెక్క చట్రంలో ఆ నలుపు తెలుపు ఫోటో నిలబెట్టారు. చుట్టూ జనం. బూ జాసిం అందరితో చేతులు కలుపుతున్నాడు. తెలియనివాళ్ళకు ఏ కథైనా చెల్లుతుంది. ఆ ముసలాయన మాత్రం ఎక్కడా కనబడలేదు. తూముల మీద వెలుతురు పడేలా నిలబడి నేను ఒక వీడియో తీశాను. ఏ వంకరా లేదు. ముత్యానికి పంపాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ఎన్నాళ్ళకో ఆ గొంతులో పాత హుషారు. "సారూ, ఉండుండు, ఫోన్ స్పీకర్ల పెడ్త. మా వాడకట్టోల్లు అందరు ఈడనే ఉన్నరు. పక్కింటి పోరడు చిరంజీవి ఫోన్ల నీ వీడియో సూపెడుతున్న." తర్వాత అటు తిరిగి అంటున్నాడు. "భూమీ, ఇగో గీ కారు. దీన్ని నేనే చేసిన."

"నువ్వు చేసుడేంది? కార్లు కంపెనోళ్ళు చేస్తరు గద" అంది భూమవ్వ.

"అట్ల గాదే. ఇది మొదలు ఇట్ల లేకుండె. దీని మూతి వేరే, వెనుక వేరే. గీ తూము సూడు, గిది రేకు నుంచి కొట్టిన."

"ఏదీ? అది కారుతోనే వచ్చినట్టున్నది" అన్నారెవరో.

"ముందుగాల ఎట్లుండె మామా?" అని ఒక పడుచు గొంతు అడిగింది. చిరంజీవి అయ్యుంటాడు. "పాత ఫోటో ఉంటే సూపెట్టు, తెలుస్తది."

నేను చెబుదామని నోరు తెరిచాను. అంతలో భూమవ్వ, "ఉన్నదా లేదా? దుబాయ్‌ల ఇన్నేండ్లు ఏం పని చేసినవో గదన్న చెప్పు" అంది.

"ఏం లేదు" అన్నాడు ముత్యం. "దాన్ని నేను కడిగిన."

"మంచిగ కడిగినవ్ మామా" అన్నాడు చిరంజీవి. "తళతళ మెరుస్తున్నది."